తోకరెక్క

చిన్న టార్చిలైటును పళ్ళతో కరిచిపట్టుకుని ఎల్లాజీ కారు డిక్కీలోకి నడుం దాకా వంగాడు. డిక్కీ మూతకి లోపలి వైపునున్న నల్లని అట్టను అప్పటికే ఊడదీసి గోడకి ఆనించాడు. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ బిరడాలు ఒక్కటీ పోకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. అట్ట వెనక అరచేయంత మోటారు. దానికి అటూ ఇటూ చిటికెనవేలి లావు కేబుళ్ళు. కేబుళ్ళ చివర మడతపడి పడుకున్న రెండు ఇనప చేతులు. ఆ చేతులు లేస్తే వాటి మీదున్న రెక్క లేవాలి.

టార్చి నోట్లో ఉండగానే చెయ్యి ఊపాడు. ముందు సీట్లో కూర్చున్న డ్రైవరు చందు మీట నొక్కాడు. మోటారు మూలిగింది. రెక్క కుడివైపు వేలెడు లేచింది, ఎడమవైపు కదల్లేదు. ఒక్క క్షణం వణికి మళ్ళీ పడుకుంది. స్టీరింగు వెనక ఎర్రక్షరాలు వెలిగాయి.

ఎల్లాజీ నడుం ఎత్తి నిలబడ్డాడు. నిలబడలేక స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చోలేక లేచి గేటు దాకా నడిచాడు. రోడ్డు మీద స్టీల్ ప్లాంటు నుంచి తీగ చుట్టలు మోసుకొచ్చే ట్రైలరు వెళ్తోంది. దాని వెనక లేచిన ఎర్రదుమ్ము ఎటూ పోకుండా గాలిలోనే నిలబడిపోయింది. ఆకాశం నిండా మబ్బే, చినుకు లేదు. ఆటోనగర్ మొత్తం మూత పెట్టిన గిన్నెలా ఉడుకుతోంది.

తెల్లారి పద్మనాభంలో ఇంట్లో లేచినప్పటి నుంచీ ఇదే వరస. రొమ్ము ఎముక కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టుంది. బస్సులో రెండుసార్లు సీటు మారాడు. దిగాక సోడా తాగితే ఒక తేన్పు వచ్చింది. ఆ తేన్పుని పట్టుకుని గ్యాసే అని తేల్చుకున్నాడు. భార్య తాయారు మాత్రం తేల్చుకోలేదు. అతను బస్సుకి బయల్దేరేముందే, నారుమడికి వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, మెడ మీద చెయ్యి వేసి చూసి, గాజువాకలో గుండె డాక్టరు దగ్గర ఫోన్లోనే పేరు రాయించింది. ఆ డాక్టరు పొద్దున పూటే ఉంటాడు, మధ్యాహ్నం భోజనానికి లేచాడంటే మళ్ళీ మర్నాడే. ఎన్ని పనులున్నా అతను లేచేలోగా వెళ్ళి చూపించుకుంటానని తలమీద చెయ్యి పెట్టించుకుని మరీ మాట తీసుకుంది.

వెళ్తాననే అనుకున్నాడు. షెడ్డుకి వచ్చేసరికి ఈ కారుంది.

షెడ్డు ఉమామహేష్‌ది. అతని తండ్రి ఉన్న రోజుల్లో ఎల్లాజీ ఇక్కడ పనికి చేరాడు. తండ్రి పోయి, కొడుకు యజమాని అయ్యాడు. ఎల్లాజీ అదే మూల, అదే స్టూలు. పోర్టు లారీల డైనమోలు, అంబాసిడర్ల హారన్లు, ఆటోల సెల్ఫ్ మోటార్లు అన్నీ ఆ మూలకే వచ్చి వెళ్ళాయి. ఇప్పుడు ఇలాంటి కార్లు వస్తున్నాయి. వాటి బొమ్మల పుస్తకం ఉమామహేష్ ఫోన్లో చూసి చదివి చెప్తాడు, ఎల్లాజీ విని చేస్తాడు. బావా అంటే బావా అనుకునే ఇద్దరికీ అది బాగానే కుదిరింది.

కారు సాయిశంకర్ అనే రొయ్యల ఎగుమతిదారుది. బండి వంద దాటితే ఆ వెనక రెక్క దానంతటదే పైకి లేచి, గాలికి ఎదురు నిలిచి, బండిని రోడ్డుకి అదిమి పట్టాలి. వేగం తగ్గితే మళ్ళీ ముడుచుకోవాలి. నిలబడున్నప్పుడు చూసుకోవడానికి లోపల మీట కూడా ఉంది. పోయిన శ్రావణ శుక్రవారం గుడి దగ్గర పూజ చేయించిన దాకా పనిచేసింది, మర్నాటి నుంచి లేవడం మానేసింది. షోరూములో మోటారూ చేతులూ మొత్తం కొత్తది వేస్తామన్నారు, అది ఓడెక్కి రావాలన్నారు. వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఓడ వచ్చేదాకా సాయిశంకర్ ఆగలేడు.

"రెక్క లెగలేదని మా సారుకి అన్నం సయించట్లేదు గురూ," అన్నాడు చందు. "తోకరెక్క కోసం మడిసి ఇంత బెంగెట్టుకోడం నానెక్కడా సూళ్ళేదు."

వెనక కుర్చీలోంచి ముసలి నవ్వు వినబడింది. సాయిశంకర్ తల్లి గురువమ్మ. ఇంట్లో ఏసీకి కీళ్ళు బిగుసుకుంటాయని, కారు ఎటు కదిలితే అటు ఎక్కి కూర్చుంటుందట. పట్టుచీర కట్టుకుని, షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని, చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టి అడ్డపొగ తాగుతోంది. కొడుక్కి కంపెనీలు రాకముందు జాలరిపేట ఒడ్డున చేపల తట్ట మోసిన మనిషి. ఎండకి కాలిన ఆ మెడ మీద బంగారం ఎరువు తెచ్చుకున్నట్టుంది.

ఎల్లాజీ మళ్ళీ వంగాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. మోటారుకి కరెంటు నిండుగా వస్తోంది. కేబుళ్ళు రెండూ విప్పి మోటారుని ఒంటరిగా తిప్పిస్తే ఏ నొప్పీ లేకుండా గిర్రున తిరిగింది. మోటారు మంచిదే. అయితే దాన్ని ఎవరో పట్టుకుని ఉన్నారు. ఎడమ చేతి కీలులోకి టార్చి వేశాడు. గ్రీజు నల్లగా ఉండాల్సిన చోట పసుప్పచ్చగా ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. పసుపే. స్క్రూడ్రైవరు కొసతో ఇంకొంచెం కదిపితే పసుపుకొమ్ము ముక్క రాలింది. దాని వెనక, ఇరుసుకి చుట్లు చుట్లుగా బిగుసుకుపోయిన నల్లతాడు.

పసుపుకొమ్మును అరచేతిలో పెట్టుకుని చూపించాడు. చందు ముసలామె వైపు చూశాడు. గురువమ్మ తడబడలేదు. చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

"నానే కట్టినాను. మా పడవకి ఎనకాల సుక్కాని మొదట్లో కడతాం గదా, దిష్టి తగలకుండాన. ఈ బండికి సుక్కాని ఎక్కడున్నాదో నాకేటి తెల్సు. పూజకాడ ఈడు మీట నొక్కితే ఎనకాల లెగిసింది. ఓహో, ఇదేగావాలనుకున్నాను."

చందు నవ్వు ఆపుకోలేక గేటు బయటికి వెళ్ళిపోయాడు. ఎల్లాజీకి నవ్వు రాలేదు. వాళ్ళ నాన్న ఏరువాకనాడు నాగలి మేడికి ఇలాంటి తాడే కట్టేవాడు. చుక్కాని అనుకోవడంలో పెద్ద తప్పేమీ కనబడలేదు.

ఉమామహేష్ బ్లేడు తెచ్చి అందించాడు. కోసెయ్యి, క్షణంలో అయిపోతుంది, డాక్టరు దగ్గరికి పోవాలన్నావు కదా అని గుర్తుచేశాడు.

"కత్తి పెట్టకు నాయినా," అంది గురువమ్మ. "కట్టినదాన్ని ఇప్పాల గానీ కొయ్యకూడదు."

ఎల్లాజీ బ్లేడు పక్కన పెట్టాడు. కోస్తే పీచు కీలులోకి దిగుతుందని ఉమామహేష్‌తో అన్నాడు. అది నిజమే కానీ, మొత్తం నిజం కాదు. అతని చేతులకి కోయడం రాదు. పనిలోకి వచ్చిన కొత్తలో వాటికి నేర్పింది కాలిపోయిన డైనమోల రాగితీగను తెగకుండా విప్పడం. తెగని తీగకే విలువ అని ఉమామహేష్ తండ్రి రోజంతా విప్పించేవాడు. ఆ తర్వాత జీవితంలో ఏ చిక్కు వచ్చినా ఎల్లాజీ అలాగే చేశాడు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా వచ్చినప్పుడు, వేరే షెడ్డువాళ్ళు ఎక్కువిస్తామని పిలిచినప్పుడు, ఒక్క వేటుతో తేల్చెయ్యమని అందరూ చెప్పారు. అతను మొదలు వెతుక్కుంటూ కూర్చున్నాడు. కొన్ని విడిపోయాయి. కొన్ని విడిపోయేసరికి వాటితో అవసరమే తీరిపోయింది.

తాడు మొదలు దొరికింది. చిన్న కొక్కెంతో లాగితే ఒక చుట్టు వదిలింది. రెండోది గ్రీజులో కూరుకుపోయి ఉంది. ఎడమ చెయ్యి పైకెత్తి పట్టుకోవడం వల్ల కాబోలు తిమ్మిరెక్కింది. దించి విదిలించాడు. మళ్ళీ ఎత్తాడు. చెమట కనుబొమల మీంచి కళ్ళలోకి కారుతోంది. డిక్కీలో గాలి చాలడం లేదు. తల బయటికి తీసి ఊపిరి పీల్చుకుంటే బయట కూడా చాలలేదు.

ఫోను మోగింది. తాయారు. వెనక ఎవరో ఆడవాళ్ళ మాటలు, బురదలో కాళ్ళు తీసిన చప్పుడు.

"ఎల్లినావా మావా?"

"ఎల్తన్నాను. అయిపోనాది."

"అయిపోనాదంటే ఏటి అయిపోనాది. డాక్టరు లెగిసిపోతాడు."

"ఇంక రెండు సుట్లున్నాయి తాయారూ. బేగి ఎల్తాను."

ఏం చుట్లో ఆమెకి అర్థం కాలేదు. తిట్టబోయి, పక్కన మనుషులున్నారని ఊరుకున్నట్టుంది.  ఫోను పెట్టేసింది.

గురువమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, డిక్కీ పక్కన నిలబడి అతని ముఖంలోకి చూసింది. తుపానుకి ముందు సముద్రాన్ని చూసే చూపు అది.

"నీ మొకం సున్నంలాగయిపోనాది నాయినా. పోన్లే, కోసీ. నాను మళ్ళీ కట్టుకుంటాను. నువ్వెల్లిపో."

"అయిపోనాదమ్మా," అన్నాడు ఎల్లాజీ, చెయ్యి ఆపకుండానే.

నిజంగానే అయిపోతోంది. పట్టు దొరికాక మిగతా చుట్లు వాటంతటవే జారాయి. తాడు ఒక్కచోట కూడా తెగకుండా బయటికి వచ్చింది. గుడ్డతో గ్రీజు తుడిచి ముసలామె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. ఎల్లాజీ కీలు కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టి, కేబుళ్ళు బిగించి, చెయ్యి ఊపాడు. చందు మీట నొక్కాడు. ఈసారి మోటారు మూలగలేదు. నల్లని రెక్క రెండు పక్కలా ఒక్కలాగే, నీళ్ళలోంచి చేప వీపు తేలినట్టు, పైకి లేచింది. ఎర్రక్షరాలు లేవు.

మధ్యాహ్నం సైరను వినబడింది. డాక్టరు లేచిపోయి ఉంటాడు. ఎల్లాజీకి బాధ కలగలేదు, ఒక పని తప్పిపోయినందుకు కొంచెం తేలికగా కూడా అనిపించింది. రేపు వెళ్ళొచ్చు. అయినా ఒక చోట కుదురుగా నిలబడలేకపోయాడు. అట్ట బిగించాడు, మళ్ళీ చేత్తో నొక్కి చూశాడు, కారు చుట్టూ తిరిగాడు. జేబులో మిగిలిన బిరడా ఏదీ లేదని మూడోసారి తడుముకున్నాడు.

ఇంక హైవే మీద వేగంలో చూడ్డమొక్కటే మిగిలింది. దానికి చందు చాలు, నువ్వు ఇంటికి పో బావా అన్నాడు ఉమామహేష్. బండి మీద బస్టాండులో దింపుతానని తాళం కూడా తీశాడు.

"నేదు బావా. దీన్ని సూడాల."

 ఎందుకని అడిగితే ఎల్లాజీ చెప్పగలిగేవాడు కాదు. ఇన్నేళ్ళలో అతని చేతుల్లో బాగుపడినవన్నీ నిలబడున్న బళ్ళు. బాగుపడగానే గేటు దాటి వెళ్ళిపోయేవి. అవి పరిగెడుతూ ఎలా ఉంటాయో అతను చూడలేదు. మళ్ళీ చెడిపోయి వచ్చినప్పుడే చూసేవాడు. ఈ రెక్క మాత్రం పరుగులోనే లేస్తుంది.

కారు వెనక తలుపు తీశాడు. లోపల సీట్లు పాలమీగడ రంగులో ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే కాళ్ళకున్న చెప్పులు విడిచి, షెడ్డు ముందు నేల మీద పెట్టి, అరికాళ్ళు ప్యాంటుకి తుడుచుకుని ఎక్కాడు. వెనక అద్దం కనబడేలా సీటు మీద మోకాళ్ళు మడిచి, ముందుకి వీపు తిప్పి కూర్చున్నాడు. ఆ వేగం తన ఒంటికి పడదని గురువమ్మ షెడ్డులో కుర్చీలోనే ఉండిపోయింది. చందు పాట పెట్టబోతే వద్దన్నాడు, చప్పుడు వినాలన్నాడు.

ఊరి రద్దీ దాటేసరికి చాలాసేపు పట్టింది. ప్రతి సిగ్నలు దగ్గరా ఎల్లాజీ వేళ్ళు సీటు అంచు మీద కదులుతూనే ఉన్నాయి. సబ్బవరం దగ్గర ఆరు వరసల రోడ్డు ఎక్కారు. ఆ రోడ్డు అలాగే పోతే ఆనందపురం, అక్కణ్ణుంచి పద్మనాభం. రోజూ బస్సులో ముఖం పెట్టి వెళ్ళే దారికి ఇప్పుడు వీపు పెట్టి వెళ్తున్నాడు. దాటిన పొలాలు వెనక్కి పోతున్నాయి. మడుల్లో ఆడవాళ్ళు వరసగా వంగి నారు ఊడుస్తున్నారు, దూరానికి ఎవరు ఎవరో తెలియదు. చందు కాలు నొక్కాడు. బండి ఏమీ అనలేదు, పొలాలు మాత్రం చారలైపోయాయి.

అద్దం అవతల చిన్న కదలిక. రెక్క లేచింది. లేచి, మబ్బు కింద ఎదురుగాలిలో, వణక్కుండా నిలబడింది.

"లెగిసింది," అన్నాడు ఎల్లాజీ, ఎవరితోనూ కాకుండా.

రొమ్ము ఎముక కింది పిడికిలి ఒక్కసారి బిగిసి, వదిలింది.

తగ్గించమంటావా గురూ అని అడిగాడు చందు. జవాబు రాకపోతే తనే తగ్గించాడు. రెక్క మెల్లగా ముడుచుకుంది. ముందు అద్దంలో చూస్తే ఎల్లాజీ చెంప సీటు పైఅంచుకి ఆనించి, ముఖం వెనక అద్దం వైపే తిప్పి ఉన్నాడు. ఇంకా చూస్తున్నాడనుకుని చందు మాట్లాడుతూనే బండి తిప్పాడు. సారు ఎంత సంతోషిస్తాడో చెప్పాడు, ముసలమ్మ ఈ పాటికి ఇంకో తాడు వెతుకుతూ ఉంటుందని చెప్పాడు. దానికి కూడా నవ్వు వినబడకపోతే రోడ్డు పక్కన ఆపి, దిగి, వెనక తలుపు తీశాడు.

షెడ్డులో ఉమామహేష్‌కి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి వాన మొదలైంది. అతను ఏమీ మూయకుండా, ఏమీ సర్దకుండా బండి మీద వెళ్ళిపోయాడు. గురువమ్మ గుమ్మంలో నిలబడి, తాయారు అనే మనిషికి ఎవరు చెప్తారని అడగబోయింది. అప్పటికే అతను గేటు దాటాడు. చుట్ట ఆరిపోయింది. ఆమె మళ్ళీ వెలిగించుకోలేదు.

కారు నిలబడ్డ చోట దుమ్ములో దాని టైర్ల గుర్తులు కాసేపు ఉండి, తడిసి చెరిగిపోయాయి. వాటి అంచున ఎర్రవైరు ముక్కతో కట్టిన పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి నొక్కుకుపోయిన వాటి మడమ గుంటల్లో వాననీళ్ళు నిండుతున్నాయి.