అత్తగారి కుడి చెవి

అత్తగారికి ఎదురుగా నిలబడి కేకేసినా వినపడదు, ఏదైనా చెప్పాలంటే పలకమీద రాయాల్సిందే. కుడి చెవికి మాత్రం ఆకాశం వినపడుతుంది. కోడలు పనిచేసే రేడియో టెలిస్కోప్ కేంద్రంలో అందరికీ తెలిసిన సంగతే. పొద్దున్నే డ్రైవరు కూడా "పైన ఎలా ఉంది పిన్నిగారూ?" అని సైగచేసి మరీ వెళతాడు. కోడలే ఎన్నడూ అడగలేదు. లెక్కల మధ్య అత్తగారి చెవిని ఎక్కడని రాస్తుంది పాపం?

ఆవేళ కోడలికి కాళ్లూ చేతులూ ఆడటంలేదు. గెలాక్సీల గుంపుకి వెలుపలి అంచున రేడియో వెలుగు మసగ్గా పరుచుకుని ఉంటుందని ఏడాదిగా పట్టుబట్టి కూర్చుంది. డిష్షులు గీసిన ఆకాశపటంలో చుక్కలు తప్ప ఏమీ రాలేదు. ఆ వెలుగు కోసమే దగ్గరదగ్గరగా పెట్టించిన నాలుగు డిష్షుల్నీ మధ్యాహ్నం రెండింటికి విప్పేస్తున్నారు. వాటితోపాటే ఆమె ఉద్యోగమూ, ఈ క్వార్టరూ పోతాయి.

ఒంటిగంటకు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంది. అత్తగారు ఎప్పటిలాగే మైక్రోవేవ్ ఓవెన్‌లో వేడిచేసి వడ్డించింది.

"మొహం వేలాడేసుకున్నావేం? నువ్వు వెతికేది మోగుతూనే ఉందిగా" అందావిడ. "మధ్యలో కాదు, అంచున, దుప్పటి పరిచినట్టు. ఈ ఓవెన్ పెట్టిన కాసేపే గరగరలో మునిగిపోతుంది. తక్కిన రోజంతా శుభ్రంగా ఉంటుంది."

కోడలి చేతిలో ముద్ద ఆగిపోయింది.

ఆ గరగర ఓవెన్‌దేనని ఆమెకు మొదటినుంచీ తెలుసు. పెద్దావిడ మనసు కష్టపెట్టుకుంటుందని చెప్పలేక, ఆ గరగర పడే నాలుగు దగ్గర డిష్షుల నుంచి వచ్చేది పక్కన పెట్టమని కంప్యూటరుకు ఒక ముక్క రాసింది. ఓవెన్ పెట్టే ఆ గంటవరకే అని రాసిందా?

చెయ్యయినా కడుక్కోకుండా కేంద్రానికి పరిగెత్తి చూసింది. రాయలేదు. దూరందూరంగా ఉన్న మిగతా డిష్షులకు చుక్కలే చిక్కుతాయి, పరుచుకున్న మసక దగ్గరవాటికే అందుతుంది. వాటినే ఏడాదిపాటు రోజంతా నోరు నొక్కి కూర్చోబెట్టింది.

ఆ ముక్క సరిదిద్ది ఒక్కరోజు లెక్క మళ్లీ నడిపింది. బయట బోల్టులు ఊడదీస్తున్న చప్పుడు. డైరెక్టరు గుమ్మంలోకొచ్చాడు.

"క్రేన్ వచ్చేసిందమ్మా."

"పది నిమిషాలాగండి సార్."

"నిన్నా అదే మాట అన్నావు."

చుక్కల గుంపుకు బయట, ఒక పక్కగా, సన్నని మసక వంపు తేలింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఇన్నాళ్లూ ఎక్కడుందిది?"

"నేనే తీసేశాను సార్."

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, విప్పినవన్నీ మళ్లీ బిగించమన్నాడు.

ఇంటికెళ్లి భయంభయంగా పలకమీద రాసింది. 'అత్తయ్యా, ఇక ఓవెన్ వద్దు.'

అత్తగారు చదివి కుడి చెవి రుద్దుకుంది. "ముందే చెప్పొచ్చుగా? ఆ గరగరకు నా చెవికి చిల్లులు పడుతున్నాయి. నువ్వు వేడిగా తింటావని ఓర్చుకుంటున్నా."

మధ్యాహ్నం వదిలేసిన కంచం అలాగే ఉంది. ఇద్దరూ చల్లారిన అన్నమే పంచుకు తిన్నారు.