ఎత్తుకోమన్న సముద్రం

కానాగంత చేపలు శుభ్రం చేస్తున్న సూర్యకళకు ముందుగదిలోంచి అనూరాధ గొంతు వినిపించింది. పోర్టు ఆఫీసులో గుమాస్తా అయిన భర్త శ్రీరామ్మూర్తి, తొంభై ఆరు నుంచి, నెలకో ఆదివారం వన్ టౌన్‌లోని ఇంటికి కవుల్ని పోగేస్తున్నాడు. కవిత్వం వాళ్లది, వంట ఈవిడది. కాలేజీ లెక్చరరు అనూరాధ చదివినప్పుడల్లా ఆయన "ఆహా!" అనే తీరు సూర్యకళకు ముల్లులా గుచ్చుకునేది. పన్నెండేళ్ల కాపురంలో తన కూరకైనా అంత గట్టిగా అన్న పాపాన పోలేదు.

"తెల్లారేసరికి సముద్రం, నిద్రలేచిన పసిపిల్లలా నా కాళ్లు పట్టుకుని ఎత్తుకోమంది..."

సూర్యకళ చేతిలో కత్తి ఆగింది. జాలరిపేట ఒడ్డున, అయ్య తెప్ప కోసం అమ్మ పక్కన నిలబడి చూసిన పొద్దులన్నీ ఒక్కసారిగా కళ్లలోకి వచ్చాయి. చల్లటి నురగ, నీళ్ల చివర ఎర్రటి గీత. వంగిన నడుం దానంతటదే నిటారైంది. గుండె దూదిలా తేలికైంది. మరుక్షణమే కుళ్లు పొంగుకొచ్చింది. ఈ సుఖం ఆవిడ నోటి నుంచి రావాలా? తన కాళ్లు ఎన్ని వేలసార్లు పట్టుకోలేదూ ఆ సముద్రం! ఇప్పుడు మైలు దూరంలోనే ఉంది. చూడ్డానికి తీరికెవరిచ్చారు?

తెలియకుండానే గుమ్మంలోకి వచ్చింది.

"ఏటలా నిలబడిపోనావ్? కూరైపోనాదా?" అని, శ్రీరామ్మూర్తి అందరివైపు తిరిగాడు. "మా కళకి సముద్రమంటే సేపల పులుసే!"

అందరూ నవ్వారు, అనూరాధ తప్ప. కాసేపటికి ఆమె వంటింట్లోకి వచ్చి, "సాయం చెయ్యనా అండీ?" అంది.

"వద్దమ్మా. మిమ్మల్ని సూత్తే నాకు కుళ్లు."

అనూరాధ ముఖం పాలిపోయింది. "అయ్యో, ఆయన నాకు అన్నయ్యలాంటివారు..."

"ఆయన గొడవ కాదమ్మా. ఆయన్ని కావాలంటే అట్టుకుపోండి. ఆ సముద్రం నాది. అది ఎత్తుకోమని అడగదు. నిలబడ్డ కాడే కాళ్లకింద ఇసక లాగేత్తాది. పడిపోకండా ఎలా నిలబడాలో మాయమ్మ నేర్పింది."

"నేను చూడని సముద్రం అది. మీరే చెప్పాలి," అంది అనూరాధ.

సూర్యకళ స్టవ్ కట్టేసింది. చేతులు కడుక్కుని, ముందుగదిలో ఖాళీగా ఉన్న అనూరాధ కుర్చీలో కూర్చుంది.

"కాయితం తియ్యండి," అంది భర్తతో. "నాను సెప్తాను. మీరు రాసుకోండి."