చెర్నాకోల చప్పుడు

బందరు కాలేజీలో చదివే అలేఖ్య పాత మాటలు పోగుచేసుకుంటూ కోడూరు వచ్చింది. ఒకప్పుడు ఎడ్లబండి తోలిన వెంకట్రామయ్య ఇంటి వరండాలో కూర్చుని, ఫోన్లో రికార్డింగు పెట్టి, "చెర్నాకోలంటే కొరడాయే కదా తాతగారూ?" అని అడిగింది.

అంతే, వెంకట్రామయ్య నోరు విప్పాడు. వంటింట్లో టీ కాస్తున్న ఆయన భార్య శేషారత్నానికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కాపురంలో తనతో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, గోడకి వేలాడే ఆ తోలుముక్క గురించి అరగంటగా చెబుతున్నాడు. దానికి నెలనెలా ఆముదం రాస్తాడు. తన మోకాళ్ళకి ఒక్కనాడు రాసిన పాపాన పోలేదు.

"కొరడా మనుషుల్ని కొట్టడానికమ్మా, జమీందార్ల కచేరీల్లో ఉండేది. చెర్నాకోల బండివాడిది. గాల్లో ఝళిపిస్తే ఆ చప్పుడుకే ఎడ్లు అడుగు పెంచేవి. గుడివాడ పందేల్లో కూడా నేను వాటి ఒంటికి తగలనివ్వలేదు."

ఎడ్లంటే అంత ప్రేమ మరి, అనుకుంటూ శేషారత్నం గ్లాసుల్ని ట్రేలో ఠంగుమని పెట్టింది.

"అసలెప్పుడూ కొట్టలేదా?" అంది అలేఖ్య.

"ఒక్కసారి కొట్టాను. వానకి బస్సులు ఆగిపోయాయి. మా ఆవిడకి నొప్పులు. అవనిగడ్డ ఆసుపత్రి దాకా కొడుతూనే ఉన్నాను. తెల్లెద్దు వీపు చిట్లి నెత్తురు కారింది. ఆ తర్వాత చెర్నాకోల మళ్ళీ ఎత్తలేదు."

శేషారత్నం గుమ్మంలో ఆగిపోయింది. ఆ రోజు గురించి ఆమెకి గుర్తున్నవి బండి కుదుపులూ తన అరుపులూ మాత్రమే. నలభై ఏళ్ళలో తనతో అనని మాట, ఎవరో పిల్ల అడిగితే అరగంటలో చెప్పేశాడు.

టీ అందించి, "ఆ ఫోన్లో ఉన్నది నాకూ పంపించమ్మా" అంది, మొగుడి వంక చూడకుండా.