ఒంటిచేతి పందెం

ఆట ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా గంగరాజు కుడికాలు తిమ్మిరెక్కింది. ఆ కాలే అతని తుపాకీ. పాదం కింద కుట్టుమిషన్ పెడల్ ఉంది, దాన్ని తొక్కితే ఫోన్లో అతని మనిషి తుపాకీ పేలుస్తాడు. ఆ మనిషిని నడిపించేదీ, గురి చూసేదీ ఎడమ బొటనవేలు. కుడిచెయ్యి మోచేతి కిందనుంచి లేదు. పొద్దుటినుంచీ ముగ్గురిని ఓడించి ఇప్పుడు నాలుగోవాడి ఎదుట కూర్చున్నాడు. మే నెల ఎండ షామియానా గుడ్డలోంచి నెత్తిమీదకు దిగుతోంది. నీళ్లు తాగుదామంటే బొటనవేలు తియ్యాలి, తీస్తే చస్తాడు.

"తొక్కరా! తొక్కు! వేసెయ్ వాణ్ణి!" అని వెనకనుంచి అరుస్తున్నారు.

ఎదురు కుర్చీలో ఉన్నవాడు నిరంజన్. తాడేపల్లిగూడెం కుర్రాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రెండు చేతుల్లోనూ ఫోన్ పట్టుకుని నాలుగు వేళ్లతో ఆడతాడు. ఆ వేళ్లు ఎంత చకచకా కదులుతున్నాయో చూసినవాళ్లెవరూ గంగరాజు మీద పందెం కాయలేదు, సూర్యనారాయణ తప్ప.

దెందులూరు దాటి కొల్లేటి వైపు దిగితే చేపల చెరువుల మధ్య గట్టు వెడల్పు చేసి కట్టిన బరి అది. కోడిపందాలకని కట్టారు. కోళ్లయితే పోలీసులొస్తారు, ఫోన్లయితే ఎవరూ రారని తెలిశాక ఎండాకాలంలో కూడా బరికి పని దొరికింది. ఏలూరునుంచి పెద్ద తెర అద్దెకు తెచ్చి, ఇద్దరిద్దరు కుర్రాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి తుపాకుల ఆట ఆడిస్తారు. ఆట కొత్తదేగాని పద్ధతులన్నీ కోళ్లవే. జోడీ కట్టడం అలాగే, పై పందాలు అలాగే. ఆటకు ముందు ఎదుటి కోడి కత్తిని చూసుకున్నట్టు ఎదుటివాడి ఫోన్ చూసుకోవడం కూడా అలాగే. బరి నడిపే పాపారావు మైకులో కుర్రాళ్ల పేర్లు చెప్పడు. "సూర్యనారాయణ గారి కోడి, వీరేంద్ర గారి కోడి" అంటాడు. ఆ మాటకు అందరూ నవ్వుతారు. కుర్రాళ్లు కూడా నవ్వుతారు, అదే బాధ.

సూర్యనారాయణ చెరువుల మీద గంగరాజు కాపలావాడు. రెండేళ్ల కిందట, నీళ్లలో గాలి కలిపే తెడ్ల మిషన్లో పడి చెయ్యి పోయింది. ఆసుపత్రినుంచి తిరిగొచ్చేసరికి నెలకు పన్నెండు వేల జీతం ఆరు వేలయింది. చెయ్యి పోతే సగం మనిషే మిగిలాడని సూర్యనారాయణ లెక్క కట్టాడు కాబోలు. సగం మనిషి పూర్తి రాత్రులు కాపలా కాసేవాడు, పూర్తి మేత బస్తాలు మోసేవాడు.

చెయ్యున్న రోజుల్లో ఈ ఆటలో అతన్ని కొట్టినవాడు చుట్టుపక్కల లేడు. చెయ్యి పోయాక ఒకసారి ప్రయత్నించి, ఫోన్ తీసుకెళ్లి గడ్డిలోకి విసిరేశాడు. గుండుగొలనులో ఫోన్లు బాగుచేసే బెంజమిన్ దాని అద్దం మారుస్తూ విషయం కనుక్కున్నాడు.

"ఒంటిచేత్తో ఆడేవాళ్లకి ఇందులోనే ఏర్పాట్లున్నాయి గంగన్నా. చెవులు వినపడనోళ్లకి వేరే, రంగులు తెలీనోళ్లకి వేరే. చేసినోళ్లే పెట్టేరు. మనవే తెరిచి చూడం" అన్నాడు.

బొత్తాలన్నీ ఎడమవైపుకు జరిపాడు. నొక్కి పట్టుకోవలసినవాటిని ఒకసారి తాకితే చాలేట్టు మార్చాడు. ఇంకా ఒక బొత్తం మిగిలింది, కాల్చేది. దానికి గంగరాజు భార్య శిరీష తన కుట్టుమిషన్ పెడల్ ఊడదీసి ఇచ్చింది. బెంజమిన్ అందులో వైరులేని చిన్న మీట బిగించి ఫోన్‌కు కలిపాడు. ఆ సాయంత్రం కాపలా పాకలో తొలిసారి కాల్చి గురి తగిలినప్పుడు గంగరాజు ఏడ్చేశాడు. పోయిన చెయ్యి తిరిగిరాలేదు. పోయాడనుకున్న తను తిరిగొచ్చాడు. అంతకంటే ఏం కావాలి మనిషికి?

అది సూర్యనారాయణ కంట పడింది. ఒంటిచేతివాడి మీద ఎవరూ కాయరు కాబట్టి రూపాయికి మూడు రూపాయలొస్తాయని అతనికి వెంటనే తట్టింది. "బరిలో కూర్చోరా గంగా. నెగ్గేవంటే పాత జీతం ఇచ్చేస్తాను" అన్నాడు.

ఇదిగో, ఇప్పుడు తెరమీద నిరంజన్ మనిషి గోడ చాటునుంచి బయటికొచ్చాడు. గంగరాజు తిమ్మిరెక్కిన కాలును తొడతో సహా ఎత్తి పెడల్ మీద పడేశాడు. నిరంజన్ మనిషి వెల్లకిలా పడ్డాడు. వాడు మళ్లీ లేచేలోగా గడువు తీరింది, చావుల లెక్కలో గంగరాజు ఒకటి ముందున్నాడు. పాపారావు ఈల వేశాడు.

సూర్యనారాయణ మనుషులు ఎగిరి గంతేశారు. నిరంజన్ ఫోన్ దింపి, లేచి, గంగరాజు ఎడమచెయ్యి అందుకోబోయాడు. అంతలో ఒక కుర్చీ గాల్లో లేచింది.

"ఆపండాపండి!" పక్క చెరువుల ఆసామి వీరేంద్ర బరిలోకి దిగాడు. నిరంజన్‌ను తెచ్చి పెట్టింది అతనే. "ఇదేం ఆటండీ? మావాడికి చేతులే. వాడికి చెయ్యీ, కాలూ, లోపల సెట్టింగులూనా? మా కోడికి ఒక కత్తి, మీ కోడికి మూడు కత్తులు కడతారా?"

"ముందు మీరే చూశారు కదండీ" అన్నాడు పాపారావు మైకు పక్కకు తీసి. "పెడల్ చూసి నవ్వేరు కూడానండి. ఒకసారి చూసుకున్నాక మాట మారకూడదండి, బరి పద్ధతి కదండీ."

"నవ్వేను. ఒంటిచేతి ఎదవ ఏం పీకుతాడులే అని నవ్వేను. ఇలా మోసం చేస్తాడని నాకేం తెలుసు?"

నిరంజన్ అడ్డం వచ్చాడు. "మోసం కాదండీ. అవి గేమ్‌లో అందరికీ ఉంటాయండి. నా ఫోన్లోనూ..."

వీరేంద్ర చెంపదెబ్బకు ఆ మాట సగంలో తెగిపోయింది. "నిన్నడిగేనా? ఓడిపోయొచ్చి నీతులు చెబుతున్నాడు!"

ఆ దెబ్బతో అతని మనుషులకు అనుమతి దొరికినట్టయింది. నలుగురు గంగరాజు మీద పడ్డారు. కుర్చీతో సహా వెనక్కి తోశారు. తల మట్టికి కొట్టుకుంది. ఒకడు డొక్కలో తన్నాడు, ఇంకొకడు షామియానా గూటం పీకి పెడల్‌ను నుజ్జు చేశాడు. గంగరాజు పాక్కుంటూ దానిమీద పడబోతే ఆ గూటం వీపుమీద దిగింది. తెగిన చేతి మొండిమీద ఎవడో చెప్పుకాలు పెట్టి నిలబడ్డాడు. రెండేళ్ల కిందటి నొప్పంతా అక్కడే దాక్కుని ఉన్నట్టు ఒక్కసారిగా భుజందాకా ఎగదన్నింది. గంగరాజు గొంతు చించుకుని అరిచాడు. నోట్లో పన్ను ఊడి నెత్తురు మట్టిలో పడింది. గట్టునిండా మనుషులున్నారు. ఎక్కువమంది ఫోన్లలో వీడియో తీస్తున్నారు.

సూర్యనారాయణ మొదట్లో తన కోడి తరఫున బాగానే కేకలు వేశాడు. తరువాత వీరేంద్ర అతని భుజంమీద చెయ్యి వేసి కారు దగ్గరకు తీసుకుపోయాడు. ఇద్దరివీ పక్కపక్క చెరువులు. ఒకే కాలువ నీళ్లు, ఒకే లారీలకు సరుకు. పేదవాడికోసం ఎవరూ కాలువను రెండుగా చీల్చుకోరు. చల్లటి సీసాలు రెండు తాగి తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఒకమాట మీద ఉన్నారు.

"ఒరే గంగా, లే" అన్నాడు సూర్యనారాయణ. "ఆ ఏర్పాట్లన్నీ ఆపేసి మళ్లీ ఒక ఆట ఆడు. సమానంగా ఉంటాది. ఎవరూ ఏం అనుకోరు."

గంగరాజు మోకాళ్లమీద లేచాడు. "కుదరదండి. ఆపేస్తే కాల్చే బొత్తం కుడివైపుకి పోద్దండి. ఆ వైపు నాకు చెయ్యి లేదు కదండి."

చెయ్యి పోగొట్టుకున్నవాడు, అది పోవడానికి కారణమైనవాడికి, తనకు చెయ్యి లేదని వివరించి చెప్పుకోవలసి వచ్చింది. ఇంత నీచం కూడా ఉంటుందా అనుకుంటాం. ఉంటుంది, చొక్కా మడత నలగకుండా నిలబడి ఉంటుంది.

"లేకపోతే ఉన్నదాంతో ఆడు. ఓడితే ఓడేవు. మోసగాడనిపించుకోవడం మీద అదే నయం."

"నేను మోసం చెయ్యలేదండి."

సూర్యనారాయణ చెయ్యి చేసుకున్నాడు. పగిలిన పెదవిమీదే మళ్లీ కొట్టాడు.

పక్క చెరువులో ఆరోజు పట్టుబడి. ఆడవాళ్లు చేపలు ఏరి ట్రేలలో సర్దుతున్నారు. అరుపులు విని అక్కణ్నుంచి శిరీష పరుగెత్తుకొచ్చింది. మోచేతులదాకా పొలుసులు అంటుకుని ఉన్నాయి. నేలమీద పెడల్ ముక్కలు, మొగుడి నోట్లో నెత్తురు చూసింది. ఎవరినీ అడక్కుండానే అర్థమైంది ఆమెకు.

"ఏం ఆపమంటున్నారండీ?" అంది సూర్యనారాయణ ఎదుటికొచ్చి. "ఆరోజు మిషన్‌కి వల చుట్టుకుంటే, మోటారు ఆపుతానండీ అని ఈయన ఫోన్ చేసేడు. ఆపితే గాలందక చేపలు తేలిపోతాయి, తిరుగుతుండగానే తియ్యమన్నారు మీరు. నేను పక్కనే ఉన్నానండి, చెవులారా విన్నాను. చేపలకోసం మోటారు ఆపలేదు మీరు. ఈరోజు మీ పరువుకోసం ఈయన చెయ్యి ఆపమంటున్నారా?"

 ఆ మోటారు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. కాపలావాడి అజాగ్రత్త అని పెద్దమనుషులు తీర్పు చెప్పాక ఎవరూ పైకి అనలేదు, అంతే.

సూర్యనారాయణ ఆమె జుట్టు పట్టుకుని పక్కకు విసిరేశాడు. పడిపోయిన కుర్చీ ఇనపకాలు ఆమె కనుబొమ్మకు తగిలింది. నెత్తురు కంట్లోకి కారింది. గంగరాజు అతని మీదికి ఉరికాడు. మొండిచేతితోనే సూర్యనారాయణ ఛాతీమీద గుద్దాడు. ఒక్క గుద్దే. తరువాత ఆరుగురు అతన్ని ఒడిసిపట్టి, లాక్కెళ్లి కుర్చీలో కుదేశారు. వీరేంద్ర మనిషొకడు అతని ఫోన్ తీసుకుని అందరికీ కనపడేట్టు ఒక్కొక్క ఏర్పాటూ ఆపుతూ పోయాడు. తెరమీద బొత్తాలు ఒకటొకటిగా కుడివైపుకు వెళ్లిపోయాయి. అక్కడ వేళ్లు ఉండవలసిన చోట ఖాళీగా ఉంది.

"సరిసమానం!" అన్నాడు వీరేంద్ర. "పాపారావ్, ఈల వెయ్యి."

పాపారావు ఈల వేశాడు.

నిరంజన్ మనిషి గోడ చాటునుంచి బయటికొచ్చాడు. గంగరాజు మనిషి నడివీధిలో నిలబడి ఉన్నాడు. కదల్లేదు. గంగరాజు ఎడమచెయ్యి ఒళ్లో ఉంది.

"ఆడరా!" అన్నాడు సూర్యనారాయణ.

"ఆడనండి."

"ఏంటీ?"

"ఆడనండి" అన్నాడు గంగరాజు, మేత వేశానండి అన్నంత మామూలు గొంతుతో. "ఇందాక ఆడేను, నెగ్గేను. ఇది నా ఆట కాదండి. ఎక్కడికీ పారిపోను, ఇక్కడే కూచుంటాను. ముట్టుకోను."

"కాల్చరా!" వీరేంద్ర నిరంజన్ మీద అరిచాడు. నిరంజన్ కాల్చాడు. తెరమీద గంగరాజు మనిషి పడిపోయాడు. ఆట నియమం ప్రకారం క్షణంలో మళ్లీ లేచి అదే చోట నిలబడ్డాడు. మళ్లీ కాల్చాడు. మళ్లీ లేచాడు. సూర్యనారాయణ గంగరాజు మొండిచేతిని పట్టుకుని మెలిపెట్టాడు. గంగరాజు పళ్లు కొరికాడు, కళ్లవెంట నీళ్లు కారాయి. ఎడమచెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవలేదు. శిరీష కొంగుతో కన్ను అదిమిపట్టి, వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది. చేపల దగ్గరనుంచి వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు ఆమె పక్కకు చేరారు.

"ఇది ఎవరు నెగ్గినట్టండీ?" అని జనంలోంచి పందెం కాసినవాడెవడో అడిగాడు.

పాపారావు మైకు నోటిదాకా తెచ్చి దించేశాడు. ముప్ఫై ఏళ్లుగా బరి నడుపుతున్నాడు. పారిపోయిన కోడి ఓడినట్టు. చచ్చిన కోడి ఓడినట్టు. పారిపోకుండా, పొడవకుండా, చచ్చినా లేచి నిలబడే కోడికి ఏ తీర్పు చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

గంగరాజు మనిషి మళ్లీ లేచాడు. నిరంజన్ ఈసారి కాల్చలేదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. పెద్ద తెరమీద ఇద్దరు మనుషులూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. వీరేంద్ర నేలమీది గూటం తీసుకుని నిరంజన్ కుర్చీవైపు నడిచాడు.