మాత్ర బలం తగ్గాక

ఆ ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్ళిద్దరే. అక్క ఒకప్పుడు సిటీ బస్సు నడిపింది. ఆడమనిషి స్టీరింగు పట్టడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే తర్వాత్తర్వాత ఆమె బస్సు కోసం కాచుకుని మరీ ఎక్కేవారు. డిపోలో అందరూ ఆమెను 'దొరసాని' అనేవారు. ఒకరిచేత మాట పడేది కాదు, ఒకరి సాయం అడిగేది కాదు. అలాంటి మనిషికి పార్కిన్సన్స్ వచ్చింది, ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరింది. చెల్లెలు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని, వదులైన బట్టలూ బిగుతైన బట్టలూ సరిచేసి ఇస్తూ అక్కను కనిపెట్టుకుని ఉండేది.

ఈ జబ్బుతో చిక్కేమిటంటే మనిషి రోజంతా ఒకలా ఉండదు. మాత్ర పనిచేసినంతసేపూ అక్క ఇల్లంతా తిరుగుతుంది, తల దువ్వుకుంటుంది, వచ్చినవాళ్ళను కడుపుబ్బ నవ్విస్తుంది. మాత్ర బలం తగ్గిందంటే కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి, గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది. మళ్ళీ మాత్ర వేసినా అది అందుకునేదాకా అంతే. ఒక్కోసారి అందుకోదు కూడా.

సహాయకురాలిని ఇప్పించమని చెల్లెలు సంక్షేమ కార్యాలయానికి అర్జీ పెట్టింది. పరిస్థితి చూడడానికి వచ్చిన అధికారికి అక్కే తలుపు తీసింది. ఒంటిమీద ఇస్త్రీ మడత నలగలేదు.

"నడవగలరా అమ్మా?"

"నడవడమేమిటి బాబూ, కావాలంటే పరుగు పందెం పెట్టుకుందాం."

"స్నానం?"

"నేనే చేస్తాను."

"అక్కా..." అని చెల్లెలు నోరు తెరవబోయింది.

"ఇది ఊరికే కంగారు పడుతుంది లెండి, చిన్నప్పట్నుంచీ అంతే" అని అక్క నవ్వేసింది.

అధికారి కూడా నవ్వుకుంటూ వెళ్ళాడు. సహాయకురాలు అవసరం లేదని కొన్నాళ్ళకు జవాబొచ్చింది.

చెల్లెలికి ఒళ్ళు మండింది. "ఆయన ముందు అంత డాబు దేనికక్కా? నన్ను అబద్ధాలకోరును చేశావు."

"నేను చెప్పిందాంట్లో అబద్ధమేముంది? ఆ పూట అన్నీ చేసుకున్నానుగా!"

"ఆ పూట సరే. మిగతా పూటలు ఎవరు చేస్తున్నారు?"



కొద్దిరోజుల తర్వాత ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో అక్క కాళ్ళు ఆగిపోయాయి. తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఎదురుగా చెల్లెలు మిషను ముందే కునుకుతోంది. కాలు ఇంకా పెడలు మీదే ఉంది, మోటారు మిషను తిరుగుతూనే ఉంది. గుడ్డతోపాటు వేలు కూడా సూది కిందికి జరుగుతోంది. అక్క పిలిచింది. పిలుపు పెదాలు దాటలేదు. సూది దిగాక చెల్లెలు కెవ్వుమంది. వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటూనే పరుగెత్తుకొచ్చి అక్కను పట్టుకుంది.

"పడలేదు కదా నువ్వు?" అని అడిగింది.

మర్నాడు గొంతు కాస్త పెగలగానే అక్కే కార్యాలయానికి ఫోను చేసింది. "మీరు పంపిన అధికారి చూసింది నిజమేనండి, కాకపోతే సగమే చూశాడు. మా చెల్లెలు చెప్పిందంతా నిజం. కాదన్నది నేను. మళ్ళీ ఎవరినైనా పంపండి. ఈసారి తీరిగ్గా కూర్చునేవాళ్ళను పంపండి."

అక్క ఒకరిని సాయం అడగడం చెల్లెలు వినడం అదే మొదలు.

ఈసారి ఒక అధికారిణి వచ్చింది. అక్క హుషారుగానే ఉంది, మంచినీళ్ళు కూడా తానే తెచ్చిచ్చింది. ఆవిడ బ్యాగు సర్దుకోబోతే, "కూర్చోండమ్మా, అసలు సంగతి ఇంకా రాలేదు" అంది.

వచ్చింది. ముందు కుడిచేయి వణికింది. తర్వాత మొహం మీద నవ్వు ఆరిపోయింది. అక్క లేచి గుమ్మందాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఒళ్ళు ముందుకు వాలుతోంది, పాదాలు రావడం లేదు. చెల్లెలు చేయి అందించబోతే కళ్ళతోనే వద్దంది. పడితే పట్టుకునేంత దగ్గరగా నిలబడి, చేయి వేయకుండా ఉండడానికి చెల్లెలికి ప్రాణం పోయినంత పనయింది. ఇలాంటి వేళ చుట్టాలొస్తే తలుపేసుకునే అక్క, పరాయి మనిషిని కళ్ళారా చూడనిచ్చింది.

అధికారిణి దగ్గరికొచ్చి చెవి ఒగ్గింది. "తరచూ ఇలాగే అవుతుందా?"

"రోజూ... ఎప్పుడొస్తుందో తెలీదు. రాత్రి... పక్కమీద ఒత్తిగిల్లలేను. చెల్లెలే తిప్పుతుంది." కాస్త ఆగి, "ఒక్కోసారి బట్టలు తడుపుకుంటాను" అంది.

ఆ మాట చెల్లెలు ఇంతవరకూ ఎవరిముందూ అనలేదు. అక్క పరువని కడుపులో దాచుకుంది. అక్క దాన్ని తన నోటితోనే చెప్పేసరికి ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క చేతిలో బస్సు ఎంత రద్దీలోనూ తడబడలేదని జనం చెప్పుకునేవారు. ఆ ధైర్యం వేరు, ఇది వేరు అనిపించింది.

మాత్ర వేశాక అది అందుకునేదాకా అధికారిణి కదలకుండా కూర్చుంది. ఉదయం, సాయంత్రం సహాయకురాలు రావడానికి మంజూరైంది. రాత్రిపూటకు కాలేదు.

"దానికి మళ్ళీ అడుగుదాం. అడగడం ఇప్పుడు అలవాటైందిగా" అంది అక్క.

మొదటిరోజు ఉదయం సహాయకురాలు వచ్చేసరికి అక్క మంచం పక్కనే బిగుసుకుపోయి నిలబడి ఉంది. వస్తూనే అక్క చేయి పట్టుకుని లాగబోయింది.

"లాగకమ్మా," అక్క గొంతు కూడదీసుకుంది. "నీ పాదం నా పాదం ముందు అడ్డంగా పెట్టు. దాన్ని దాటాలంటే నా కాలు అదే లేస్తుంది."

ఆమె అలాగే పెట్టింది. "అరె, లేచిందే!"

తలుపు తీసి, మళ్ళీ పక్కగదిలో నడుం వాల్చిన చెల్లెలు ఆ మాటలు వింటూ, లేవాలా వద్దా అనుకుంటూనే మళ్ళీ నిద్రలోకి జారుకుంది.