సొరుగులో కత్తెర

బట్టల ఫ్యాక్టరీలో సాయంత్రం బెల్లు కొట్టగానే, నిన్నటిదాకా రోజుకూలీగా ఉండి ఆ రోజే పర్మినెంట్ ఉద్యోగంలో చేరిన పిల్ల తన కత్తెర, కుర్చీ మీది దిండు, నీళ్ల సీసా అన్నీ సంచిలో కుక్కుకుంటోంది. సూపర్‌వైజరమ్మ అలా చూస్తూ నిలబడిపోయింది.

ఇరవై ఏళ్ల కిందట ఆవిడా రోజుకూలీయే. పొద్దున్నే గేటు ముందు ఆడవాళ్లంతా నిలబడితే, మేస్త్రీ వేలు చూపించినవాళ్లే లోపలికి. రేపు ఎవరి వంతో ఎవరికి తెలుసు? అందుకే లోపల సూది కూడా వదిలేవాళ్లు కాదు. ఆ సంచులు మోసుకుంటూ, ఒకరినొకరు ఏడిపించుకుంటూ నడిచిన దారి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ వేలు తలుచుకుంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

పర్మినెంట్ అయిన మొదటిరోజు కూడా ఆవిడ అలవాటుకొద్దీ గేటు బయటే నిలబడింది. అరగంట చూసి వాచ్‌మన్ తాత, "ఏమ్మా, నీ కుర్చీ లోపలుంటే నువ్విక్కడేం చేస్తున్నావ్?" అన్నాడు. ఆ సాయంత్రమే కత్తెర మొదటిసారి సొరుగులో పెట్టింది. ఆ సంచిలోకి తర్వాత కటింగ్ క్లాసు పుస్తకాలొచ్చాయి.

"అన్నీ ఎందుకే సర్దుతున్నావ్?"

"రేపు పిలుస్తారో లేదోనని, అక్కా."

"పిలవడమేంటే పిచ్చిమొహమా! నువ్వు రాకపోతే నేనే మీ ఇంటికొచ్చి అడుగుతా."

పిల్ల కత్తెర సొరుగులో పెట్టి వెళ్లింది. గేటు దాకా పోయి, మళ్లీ వెనక్కొచ్చి, సొరుగు లాగి చూసుకుంది.

సూపర్‌వైజరమ్మ నవ్వుకుంది. కత్తెర మొదటిసారి సొరుగులో పెట్టిన రోజు తను మూడుసార్లు వెనక్కొచ్చింది.