నీలం నాలుక

ముద్దనూరు దగ్గర సుమతికి చిన్న కోళ్ల షెడ్డు ఉంది. పక్క ఊళ్లో కొక్కెర తెగులు సోకి కోళ్లు గురగురమంటూ మెడలు వాల్చేస్తున్నాయని తెలియగానే తన కోళ్లకూ అంటుకుంటుందని ఆమె భయపడింది. పశువుల డాక్టరు జమాల్‌ను అడిగితే టీకాను నీళ్లలో కలిపి తాగించమన్నాడు.

"ముందు కాసేపు నీళ్లు బంద్ చెయ్యమ్మా. దప్పికైతేనే తాగుతాయి. పాలపొడి, ఈ నీలం బిళ్ల గూడా కలుపు. తాగిన కోడికి నాలిక నీలమైతాది."

సుమతి నీళ్ల తొట్లు ఎత్తేసి, మామ ఓబులయ్యను కాపలా పెట్టి, టీకా మందు తేవడానికి ఐసుడబ్బాతో ప్రొద్దుటూరు పోయింది. ఓబులయ్యది వెన్నలాంటి మనసు. ఎండకు కోళ్లు నోళ్లు తెరుస్తుంటే ఓర్చుకోలేక బిందెలు బిందెలు మోసి వాటికి నీళ్లు పోశాడు. అవి కడుపారా తాగాక, కోడలు తిడుతుందని తొట్లు మళ్లీ ఎత్తేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

సుమతి వచ్చి మందు కలిపి తొట్లలో పోసింది. ఒక్క కోడీ అటు వంక చూడలేదు. మిగిలిన మందు బకెట్టును నీడన పెట్టి, కోళ్లను పట్టుకుని ముక్కులు తెరిచి చూసింది. ఎక్కడా నీలం లేదు. బయటికొస్తే బకెట్టులో సగం మాయం.

"మామా, ఈడ మందు ఏమాయె?"

"యాడ మందు?" అన్నాడు ఓబులయ్య. నాలుక, పళ్లు, మీసం కొసలు అన్నీ నీలమే.

"అయ్యో, తాగితివా!"

"నాకోసం షర్బత్తు తెచ్చినావనుకుంటి అమ్మీ. సక్కెర మర్చిపోయినావని అడగను గూడా లేదు. కోళ్లకు బిందెలు మోసీ మోసీ శానా దప్పికాయె..."

అని నాలుక కరుచుకున్నాడు. సుమతికి అంతా అర్థమైంది.

వెంటనే జమాల్‌కు ఫోన్ చేసింది. ఆయన నవ్వు ఎంతకీ ఆగలేదు. "ఏం గాదులేమ్మా. ఒంట్లో ఎట్లన్నా ఉంటే తీసుకుని రా."

గోడ మీంచి తొంగిచూసిన పక్కింటి సంజీవమ్మ, "శివుడు గొంతులో ఆపుకున్యాడు. నీకు నాలిక మీదే ఆగిపాయె గదప్పా!" అంది.

కలిపిన మందు పాడైపోవడంతో, మర్నాడు మళ్లీ తొట్లు ఎత్తేసి, షెడ్డుకు తాళం వేసి, ఓబులయ్యను కూడా స్కూటరెక్కించింది సుమతి. ప్రొద్దుటూరు పోయొచ్చేదాకా ఆయన ఐసుడబ్బాను ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి కోళ్లు తొట్ల మీద ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఎగబడ్డాయి. ఏ ముక్కు తెరిచినా నీలమే.

"ఇంక మంచినీళ్లు పోద్దామా అమ్మీ?" అని బిక్కుబిక్కుమంటూ అడిగాడు ఓబులయ్య.

సుమతికి నవ్వాగలేదు. "పోయ్ మామా, ఎన్ని బిందెలన్నా పోయ్."